ఎండాకాలంలో ఆరని బట్ట

ఆ సంచి కుట్టింది నేనే. ముందే చెప్పేస్తే మంచిది. మా చుట్టాలలో ఎవరు ఈ సంగతి తీసినా ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నా ముఖం చూసి మాట దాటేస్తారు. ఆ జాలి నాకు నచ్చదు. కుట్టాను కాబట్టి కుట్టానని చెబుతాను, ఎలా కుట్టానో కూడా చెబుతాను.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలవుతున్న రోజులు. వరంగల్‌లో మా వీధంతా జంపఖానాలు నేసేవాళ్లే. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి. ఒకటి బాపుది, ఒకటి అన్నది. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. నేలలో గొయ్యి తీసి, అందులోకి కాళ్లు దించి, నడుము దాకా భూమిలో కూర్చుని నేయాలి. అన్న పన్నెండో ఏట ఆ గుంటలోకి దిగాడు. ఇరవై ఆరు వచ్చినా అందులోనే ఉన్నాడు. నేను అన్నకంటే ఆరేళ్లు చిన్న. కండెలు చుట్టడం, జంపఖానాల అంచులు కుట్టడం నా పని.

మా ముందుగదిలో ఒక సారు అద్దెకుండేవాడు. హైస్కూల్లో భూగోళం చెప్పేవాడు, అందరూ జాగ్రఫీ సారు అనేవాళ్లు. పెళ్లి కాలేదు, చేసుకునే ఉద్దేశమూ ఉన్నట్టు కనబడేది కాదు. చదువుకునే రోజుల్లో ఒకసారి దసరా సెలవుల్లో హిమాలయాల్లో నాలుగు రోజులు నడిచి వచ్చాడట. ఆ నాలుగు రోజుల్ని పదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఆకాశం ఎంత నీలంగా ఉంటుందో, మంచు ఎంత పొడిగా ఉంటుందో, బూటు కింద ఉప్పులా ఎలా కరకరలాడుతుందో సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. విని విని మా అవ్వకు కూడా కంఠతా వచ్చేసింది. అన్న మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేవాడు.

ఒక సంక్రాంతి వెళ్లాక, చలి ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, అన్న గుంటలోంచే తలెత్తి అడిగాడు.

"సారూ, ఈసారి మనమిద్దరం పోదామా? నాలుగు దినాలు గాదు. ఎక్కి, దాటి, అవతలికి దిగుదాం."

సారు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్లి దేశపటం తెచ్చాడు.

సారు లోపలికి పోయినప్పుడు అన్నను అడిగాను. "నీకేం పని అన్నా అక్కడ? దేవునికి మొక్కు గూడ లేకపాయె."

"చిన్నప్పటిసంది నేల కిందనే కూసున్న చెల్లే. ఒక్కసారి అందరికన్న మీద నిలబడాలె. గంతే."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది.

సారుకు సెలవులు వేసవిలో కాబట్టి ప్రయాణం మే నెల మొదట్లో అనుకున్నారు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. మా తలుపు వెనక పెద్ద పటం అంటించారు. కాజీపేటలో ఢిల్లీ బండి, అక్కడి నుంచి బస్సు, రోడ్డు ఆగిపోయే ఊరు, ఆపైన పదకొండు రోజుల నడక. రెండు కనుమలు దాటాలి. రెండోది దాటి దిగితే అవతలి లోయలో మళ్లీ బస్సు దొరుకుతుంది. ఏ రాత్రి ఎక్కడ ఆగాలో పెన్సిలుతో చుక్కలు పెట్టాడు సారు. ఆరు చుక్కల దాకా పక్కన ఊరి పేర్లున్నాయి. ఏడో చుక్క, ఎనిమిదో చుక్క, తొమ్మిదో చుక్క ఉత్త తెల్ల కాగితం మీద ఉన్నాయి.

అవ్వ ఊడుస్తూ ఊడుస్తూ ఆ పటం ముందు ఆగేది. చదువు రాదు, అయినా ఆ తెల్లటి జాగా మీదికే చూపు పోయేది.

"గీడ ఊరు లేదా సారూ?"

"లేదమ్మా. అంతా మంచే."

"మరి గీడ కేకేస్తే ఎవలొస్తరు?"

సారు నవ్వి, ఇద్దరం ఉన్నాం కదమ్మా అన్నాడు. 

బాపు నెలరోజులు ఒప్పుకోలేదు. ఆయన వద్దన్నంత కాలం నాకు ధైర్యంగానే ఉండింది. పెద్దాయన కాదన్నది మా ఇంట్లో జరగదు కాబట్టి ఇదంతా అరుగు మీది ముచ్చటే అనుకున్నాను. ఇంతలో సారు ఒక ఇంగ్లీషు పత్రికలో స్లీపింగ్ బ్యాగు బొమ్మ చూపించాడు. మనిషి మెడ దాకా దూరి పడుకునే సంచి. ఫారిన్‌లో దొరుకుతుందట, మన దగ్గర దొరకదట, అదొక్కటి లేకనే ఆలోచిస్తున్నామన్నాడు. బాపు ఆ పత్రిక తీసుకుని వెలుతురులోకి పోయి, బొమ్మలో కుట్లు ఎక్కడెక్కడ పడ్డాయో వేలితో తడిమి చూశాడు.

"గిదెంత పని?" అన్నాడు. "దూది మనది, నూలు మనది. గీ సంచి కోసం ఫారిన్ పోవాల్నా?"

ఆ పూట ఇల్లంతా పండగలా ఉంది. బాపు ఇక వద్దనడని మాత్రం నాకు అర్థమైంది.

బాపు తన జంపఖానా పని పక్కన పెట్టి సంచులకు గుడ్డ నేశాడు. రెట్టపోగు నూలు, పోగు పోగుకూ సందు లేకుండా. నేసిన తర్వాత రెండుసార్లు గంజి పట్టించాడు, గాలి దూరకుండా. ఆ గుడ్డను పెదాలకు ఆనించి ఊదితే అవతలికి ఊపిరి పోలేదు. వీధిలో వాళ్లను పిలిచి మరీ ఊదించాడు. దూదేకులాయన వచ్చి మా వాకిట్లోనే విల్లు మోగిస్తూ దూది ఏకి ఇచ్చాడు. కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి తెప్పించిన మంచి దూది. నేను కుట్టాను. దూది జారి ఒకచోట ముద్దగట్టకుండా జానెడు జానెడు దూరంలో గళ్లు గళ్లుగా కుట్టాను. రెండు నెలలు పట్టింది, రెండు సంచులకు. అన్న సంచిలో తల పెట్టుకునే చోట ఎర్రదారంతో ఒక చిలకను కూడా కుట్టాను. అప్పటిదాకా నేను కుట్టినవన్నీ ఎవరో నేసిన జంపఖానాల అంచులు. మొదటి నుంచి చివరిదాకా నాది అని చెప్పుకోదగ్గ వస్తువు అదొక్కటే. అవ్వ దాన్ని బొంతసంచి అనేది. నాకు కోపం వచ్చేది.

అన్న, సారు పొద్దున్నే వీపుకు తగిలించుకునే సంచుల్లో ఇటుకలు నింపుకుని హనుమకొండ గుట్టలెక్కి దిగేవాళ్లు. వీధి నవ్వింది. "మీ అన్న ఇటుకల బట్టీ పెడతాండా ఏందే?" అని నన్నే అడిగేవాళ్లు. అన్న కాళ్లు గట్టిపడ్డాయి. ముఖం నల్లబడింది. అంత సంతోషంగా అన్నను నేను అంతకుముందు చూడలేదు, అందుకే కోప్పడటానికి కూడా మనసొచ్చేది కాదు.

సంచి చలికి ఆగుతుందో లేదో చూడాలి. వరంగల్‌లో ఏప్రిల్ నెలలో చలి ఎక్కడ దొరుకుతుంది? సారుకు తెలిసినవాళ్ల ఐస్ ఫ్యాక్టరీ ఒకటి ఉంది. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం అందరం అక్కడికి వెళ్లాం. ఊక పోసి ఐసు దిమ్మలు పేర్చిన గది. అన్న ఆ దిమ్మల మీద సంచి పరుచుకుని దూరి పడుకున్నాడు. తలుపు వేశారు. బయట మేం సోడా తాగుతూ కూర్చున్నాం. రెండు గంటల తర్వాత తలుపు తీస్తే అన్న నుదుటి మీద చెమట ఉంది.

"ఉక్కపోసింది బాపూ!" అన్నాడు.

బాపు అక్కడున్న పనివాళ్లందరినీ చూశాడు, ఒక్కొక్కరినీ విడివిడిగా. ఆయన అంతగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

సంచి మడిచింది నేను. నూలు పోగుల కట్టను, చిలపను, చేత్తో ఎత్తి తూకం చెప్పే ఇంట్లో పుట్టాను, నా చేతికి బరువు తెలుస్తుంది. పోయేటప్పుడు ఒంటిచేత్తో తెచ్చిన సంచిని వచ్చేటప్పుడు రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. తిప్పి చూస్తే ఐసుకు ఆనిన పక్క నిలువునా తడి. గంజి బంకగా వేళ్లకు అంటింది. లోపల అన్న వీపు ఆనిన చోట కూడా చెమ్మ. దూది నీళ్లు తాగి గళ్లలో ముద్దలు కట్టింది.

"అన్నా, గిది తడిసింది."

"ఎండల ఎయ్యి."

వాకిట్లో దండెం మీద వేశాను. గంటలో పెళపెళ ఆరిపోయింది. ఎప్పటి బరువుకు అది వచ్చేసింది. ఇక మాట్లాడటానికి ఏముంది?

తడి నూలు సంగతి మాకు తెలియంది కాదు. వానాకాలంలో ముసురు పట్టిందంటే గంజి పెట్టిన పడుగు మూడు రోజులైనా ఆరేది కాదు. గుంటలో చెమ్మ ఊరి మగ్గం ఆగేది, ఇంట్లో అందరం ఆకాశం కేసి చూస్తూ కూర్చునేవాళ్లం. కానీ ఎండాకాలం రాగానే అదంతా మరిచిపోతాం. మాకు ఎండాకాలమంటే ఆరే కాలం. ఏది తడిసినా ఆరుతుంది, ఎంత తడిసినా ఆరుతుంది. ప్రపంచమంతా అంతేననుకున్నాం. సారు కూడా అలాగే అనుకున్నాడు, ఆయన చూసింది దసరా నాటి పొడి మంచునే.

శకునాలు నేను నమ్మను. ఆ నెలలో అవ్వకు ప్రతిరోజూ ఏదో ఒకటి కనబడేది, నేను కసురుకునేదాన్ని. నన్ను భయపెట్టింది సంచి బరువు ఒక్కటే. రాత్రి పడుకుంటే ఆ బరువు చేతుల్లోకి వచ్చేది.

ప్రయాణం వారం రోజులుందనగా నర్సంపేటలో మా పెద్దమ్మ ఇంటికి పోయి వస్తున్నాను. బస్టాండులో ఉండగా గాలిదుమారం లేచింది, వెంటనే రాళ్లవాన. పొద్దున వడదెబ్బ తగిలే ఎండ, ఇప్పుడు పిడికెడు పిడికెడు గడ్డలు. రేకుల కిందికి చేరేలోపు చీర ముద్దయింది. గాలికి ఒళ్లంతా వణుకు పట్టుకుంది. ఎండాకాలంలో పళ్లు కొట్టుకుంటాయని ఎవరైనా చెబితే నమ్మకపోదును. పక్కన ఒక ముసలి గొర్లకాపరి గొంగడి నెత్తిమీదుగా కప్పుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఒక అంచు ఎత్తాడు.

"రా బిడ్డా, గొంగడి కిందికి రా."

దూరాను. పైన గొంగడి నీళ్లు కారుతోంది. లోపల పొయ్యి పక్కన కూర్చున్నట్టు వెచ్చగా ఉంది. చేత్తో తడిమాను. తడిగానే ఉంది, అయినా వెచ్చగానే ఉంది.

"తడిసింది గద తాతా, సల్లగ లేదేంది?"

"ఉన్ని తడిసినా మనిషిని ఇడ్సిపెట్టదు. నూలు తడిస్తే నీ ఒంట్ల ఏడినే గుంజుకుంటది. నీ చీర జూడు."

చూశాను. నా చీరలోంచి నా వేడి పోతూనే ఉంది, అది నాకే తెలుస్తోంది. ఆ క్షణంలో నాకు దండెం మీది సంచి కాదు, ఐసు మీద అన్న వీపు కనబడింది. వాన వెలిసాక ఆయన చూపించిన గొంగళ్ల అంగడికి పోయి ఒకటి కొన్నాను. పెద్దమ్మ చీరకని ఇచ్చిన డబ్బు దానికే పోయింది.

ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టేసరికి రెండు మగ్గాలూ ఆగాయి. బాపు గుంటలోంచి లేవలేదు, చూశాడంతే.

"మగ్గమున్న ఇంట్ల గొంగడి కొంటరా?" అన్నాడు మెల్లగా. "నేను నేసింది చాల్తలేదా?"

అరిస్తే ఎదురు చెప్పేదాన్ని. ఆయన గొంతులో అరుపు లేదు. అన్నను పక్కకు పిలిచి బస్టాండు సంగతంతా చెప్పాను. తాత అన్న మాట కూడా చెప్పాను.

"గవి వానకాలపు ముచ్చట్లు చెల్లే. మేం పోయేది ఎండాకాలంల. ఎండాకాలంల ఆరని బట్ట ఉంటదా?" అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు కుట్టిన దాని మీద నీకే నమ్మకం లేదా? జర ఫికర్ తగ్గించు" అన్నాడు.

అక్కడ నేను గొడవ చేయాల్సింది. ఏడ్చి, అన్నం మానేసి, ఆ చిలకను బ్లేడుతో కోసి పారేసి అయినా ఆపాల్సింది. నాకు నోరు లేక కాదు, వీధిలో నా నోటికి భయపడని వాళ్లు లేరు. కానీ నువ్వు కుట్టిన దాని మీద అనేసరికి నాకు గర్వం అడ్డొచ్చింది. నా సంచి పనికిరాదని నా నోటితో అనలేకపోయాను. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వును నేను ఈ రోజుకీ క్షమించలేదు.

బయలుదేరేనాడు కాజీపేట స్టేషనుకు అందరం వెళ్లాం. గొంగడిని చుట్టచుట్టి చంకన పెట్టుకుని వెళ్లాను. బాపు చూసి చూడనట్టు నీళ్ల పంపు వైపు పోయాడు. బండి వచ్చింది. కిటికీలోంచి లోపలికి తోశాను. అన్న పకపక నవ్వి మళ్లీ బయటికి తోశాడు.

"గీ ఎండల గిది మోసుకపోతే జనం నవ్వుతరే. బరువు గూడ."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి సారు మొహమాటపడ్డాడు. ఆడపిల్ల ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియని మనిషి.

"నాకివ్వమ్మా. కింద పరుచుకోవటానికి పనికొస్తుంది" అని తీసుకున్నాడు.

బండి కదిలింది. అన్న చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మొదటిసారి నాకు అన్న ముఖం నాకంటే ఎత్తులో, కిటికీలో కనబడింది. ఇంట్లో ఎప్పుడూ గుంటలో ఉండేవాడు కదా, నేనే వంగి చూసేదాన్ని.

రోడ్డు ఆగిపోయే ఊరి నుంచి ఒక కార్డు వచ్చింది. ఇక్కడ ఎండ బాగుంది, సంచులు సూపర్‌గా ఉన్నాయి, బాపుకు చెప్పమని అన్న రాశాడు. బాపు దాన్ని మగ్గం గుంజకు గుచ్చి పెట్టుకున్నాడు. నేను తలుపు వెనక పటం ముందు నిలబడి రోజుకొక చుక్క లెక్కపెట్టాను. ఆరో చుక్క దాకా ఊళ్లున్నాయి కాబట్టి తేలిగ్గానే ఉండింది. ఏడోనాడు అన్నం సహించలేదు. పదకొండు రోజులు దాటాయి. ఇరవై దాటాయి. రోహిణి కార్తె ఎండలు రోళ్లు పగలగొడుతున్నాయి, నేను వాకిట్లో ఉతికిన బట్ట వేస్తే తిరిగి చూసేలోపు ఆరిపోతోంది. ప్రతి బట్టా ఆరినప్పుడల్లా నాకు భయం పెరిగేది. అవ్వ శకునాలు చెప్పడం మానేసింది. అదే ఎక్కువ భయపెట్టింది.

మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చిన మొదటి వాన నాటి పొద్దున సారు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. గొంగడి నెత్తిమీద ఉంది. సగానికి సగమయ్యాడు, పెదాలు పగిలి ఉన్నాయి. అరుగు ఎక్కకుండా వానలోనే నిలబడ్డాడు. అవ్వ ఆయన వెనక వీధి చివరి దాకా చూసింది.

ఆయన చెప్పింది కొంచెమే. మొదటి కనుమ బాగానే దాటారట. అక్కడ ఎండాకాలమంటే మంచు కరిగే కాలమట, నేలంతా నీళ్లేనట. ఏడోనాటి మధ్యాహ్నం వాన, మంచు కలిసి పడటం మొదలై మూడు రోజులు ఆగలేదు. ఎండ అన్నదే లేదు. సంచులు రెండూ తడిసి మోయలేనంత బరువయ్యాయి. సారు తన సంచిని పారేసి గొంగడి కప్పుకున్నాడు.

"రమ్మన్న బిడ్డా, ఇద్దరం గొంగడి కిందనే ముడుచుకుందామని బతిమాలిన" అన్నాడు సారు. ఆయన అచ్చం మా ఇంటి మాటలో మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. "చిన్నగుంది సారూ, ఇద్దరికి చాలదు, మీరు కప్పుకోండ్రి అన్నడు. నాకు మా చెల్లె కుట్టింది ఉన్నది అన్నడు. తెల్లారి లేపితే లేవలే."

కింది ఊరివాళ్లు కట్టెలు మోసుకొచ్చి అక్కడే దహనం చేశారట. తడిసి గడ్డకట్టిన సంచిని విప్పడం కుదరక దానితో పాటే చేశారట.

ఎవరూ ఏడవలేదు, అప్పటికింకా. బాపు గుంటలోంచి పైకి లేచాడు. వానలోకి పోయి సారు నెత్తిమీది గొంగడిని రెండు చేతులతో తీసుకుని, అరుగు మీద పరిచాడు. జంపఖానా కొనేముందు షావుకార్లు చూసినట్టు కాదు, తను నేసినది తను చూసుకునేటప్పుడు చూసినట్టు, బొటనవేలితో అంచు వెంట మెల్లగా తడుముకుంటూ పోయాడు. తిరగేశాడు. రెండోవైపూ చూశాడు. నీళ్లు చుక్కలు చుక్కలుగా అరుగు మీంచి కారుతున్నాయి.

"నేత మంచిగున్నది" అన్నాడు.

అంచు వదలకుండానే నా వైపు తిరిగాడు.

"ఎవలు నేసిండ్రో అడిగినవా బిడ్డా?"

"అడగలే బాపూ" అన్నాను.